సీపీయూలు పట్టుకెళ్లినా పని ఆగకూడదంటే

ప్రశ్న: రాజోలులో మాకు చిన్న కంప్యూటర్ సెంటర్ ఉందండీ. డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్లు, జిరాక్స్ చేస్తాం. సాయంత్రాలు కొన్ని రైస్ మిల్లులకి, కొబ్బరి కొట్లకి టాలీలో లెక్కలు రాస్తాం. మా పక్క ఊళ్లో మాలాంటి షాపులోనే ఎవరో కుర్రాడొచ్చి దొంగ సర్టిఫికెట్ ప్రింటు తీయించుకున్నాడట. కేసయ్యాక పోలీసులు వచ్చి షాపులో ఉన్న కంప్యూటర్లన్నీ, హార్డ్‌డిస్కులు, పెన్‌డ్రైవులతో సహా తీసుకెళ్లిపోయారు. షాపాయనకి అసలు ఆ సంగతే తెలీదంటున్నారు. నెలలు గడిచినా సామాను తిరిగి రాలేదు, జీఎస్టీ రిటర్నులు వేసే టైముకి పార్టీలందరూ ఆయన మీద పడ్డారు. అది చూశాక మా ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. మేం ఏ తప్పూ చేయకపోయినా మా పని మొత్తం ఇలా పోకుండా ఏం చేయాలి?
– పేరు వేయవద్దన్న పాఠకుడు, రాజోలు

జవాబు: ముందు చేదు మాట చెప్పేస్తాను. నేరంతో సంబంధం ఉందని అనుమానం కలిగించే వస్తువును స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 106వ సెక్షన్. మీ తప్పు ఉందా లేదా అన్నది ఆ రోజు షాపులో తేలే విషయం కాదు. అందుకని సీపీయూ పోకుండా ఆపడం ఎలా అని ఆలోచిస్తే దారి దొరకదు. సీపీయూ పోయిన మర్నాడు పొద్దున్నే ఇంకో కంప్యూటర్ మీద అదే టాలీ, అవే ఫైళ్లు తెరిచి పనిలో కూర్చోగలరా? మీరు తేల్చుకోవాల్సింది అదీ. కూర్చోగలిగితే పోయింది సామానే, మళ్లీ కొనుక్కోవచ్చు. కూర్చోలేకపోతే మిల్లుల వాళ్లు మీ మీద పెట్టుకున్న నమ్మకం పోతుంది, అది ఏ షాపులోనూ దొరకదు.

ఇది మన పోలీసులతోనో మన కాలంతోనో వచ్చిన సమస్య కూడా కాదు. 1990 మార్చి 1న అమెరికాలోని ఆస్టిన్‌లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ అనే చిన్న కంపెనీ మీద అక్కడి సీక్రెట్ సర్వీస్ వాళ్లు సోదా చేశారు. కంపెనీ మీద ఏ నేరారోపణా లేదు. వాళ్ల అసలు అనుమానం అక్కడ పనిచేసే ఒక ఉద్యోగి మీద. అయినా కంప్యూటర్లు, ఫ్లాపీలు పట్టుకెళ్లారు, అందులో అచ్చుకు సిద్ధమవుతున్న ఒక పుస్తకం మొత్తం ఉంది. బయట మిగిలిన పాత ముసాయిదాల నుంచి దాన్ని మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది, ఈలోగా దాదాపు సగం మంది సిబ్బందిని తీసేయాల్సి వచ్చింది. కేసు వేస్తే 1993లో కంపెనీ పక్షాన తీర్పొచ్చింది, 50 వేల డాలర్లకు పైగా నష్టపరిహారం ఇమ్మన్నారు. గెలిచారు సరే, మూడేళ్లు పట్టింది. ఆ మధ్య కాలంలో కంపెనీ బతికిందంటే బయట ఎక్కడో ఉండిపోయిన కాపీల వల్ల కూడా. ఆ కాపీలు వాళ్లకు అనుకోకుండా మిగిలాయి, మీరు అనుకుని పెట్టుకోండి.

ఎలా పెట్టుకోవాలంటే, ప్రతి ఫైలూ మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి షాపు గోడల బయట ఉండాలి. ఈ చివరి ముక్క దగ్గరే ఎక్కువ మంది దెబ్బతింటారు. బ్యాకప్ తీశామంటారు, ఎక్కడుందని అడిగితే అదే టేబుల్ సొరుగులో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ చూపిస్తారు. సోదాకు వచ్చినవాళ్లు సొరుగు వదిలేసి వెళ్లరు కదా. ఆ మాటకొస్తే గోదారి నీళ్లూ వదలవు. 2022 జులైలో వరదొచ్చి లంకలు మునిగినప్పుడు మీ కోనసీమలోనే చూశారు. కేంద్ర జీఎస్టీ నిబంధనల్లో 57వ నిబంధన కూడా ఇదే చెబుతుంది: ప్రమాదంలో గానీ ప్రకృతి వైపరీత్యంలో గానీ రికార్డులు నాశనమైతే, తగిన వ్యవధిలో తిరిగి తెచ్చుకోగలిగేలా ఎలక్ట్రానిక్ బ్యాకప్ ఉంచుకోవాలి. అంటే బ్యాకప్ ఉంచుకోవడం మీ జాగ్రత్త మాత్రమే కాదు, లెక్కలు కంప్యూటర్లో రాసే వ్యాపారికి అది బాధ్యత కూడా. ఎవరైనా అడిగితే తల ఎత్తుకుని చెప్పొచ్చు.

మరి అంతా క్లౌడ్‌లో పెట్టేస్తే సరిపోదా అంటారేమో. సరిపోదు. 2022 మే 24న జిల్లా పేరు గొడవల్లో అమలాపురం అట్టుడికాక కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు, చాలా రోజులు రాలేదు. సిగ్నల్ కోసం జనం జిల్లా పొలిమేరల దాకా వెళ్లారు. ఆ రోజుల్లో క్లౌడ్ మీదే ఆధారపడ్డవాళ్లకి ఫైళ్లు ఉండీ లేనట్టే. అందుకని క్లౌడ్ ఒకటి, షాపుకి దూరంగా ఏ పాలకొల్లులోనో రావులపాలెంలోనో చుట్టాలింట్లో ఒక హార్డ్‌డిస్క్ ఒకటి, రెండూ ఉండాలి. రెండు డిస్కులు కొని వారానికోసారి మార్చుకోండి, ఈ వారం అక్కడున్నది వచ్చే వారం మీ దగ్గర. గూగుల్ డ్రైవ్ లాంటివి సింక్‌లో పెట్టేసి అదే బ్యాకప్ అనుకోకండి. ఇక్కడ పొరపాటున ఫైలు చెరిపితే అక్కడా చెరిగిపోతుంది, వైరస్ తాళం వేస్తే అక్కడా తాళం పడుతుంది. పాత కాపీలు తేదీలవారీగా నిలిచి ఉండేదే బ్యాకప్.

ఏం తీయాలన్నదీ చూసుకోవాలి. టాలీలో ఒక్కో కంపెనీ అంకెల పేరున్న ఒక్కో ఫోల్డర్‌లో ఉంటుంది, టాలీలోనే బ్యాకప్ తీసే వీలుంది, దాన్ని రోజూ షాపు కట్టేముందు తీయాలి. డీటీపీ వాళ్లకు ఇంకో చిక్కుంది. పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో చేసిన శుభలేఖ ఫైలు భద్రంగానే ఉంటుంది, కొత్త కంప్యూటర్లో తెరిస్తే 'శ్రీరస్తు శుభమస్తు' ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫాంట్లు లేవు గనక. కాబట్టి ఫైళ్లతో పాటు ఫాంట్లు, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లు, లైసెన్సు వివరాలు కూడా బ్యాకప్‌లోకి వెళ్లాలి, పూర్తయిన పని ప్రతిదీ పీడీఎఫ్‌గా కూడా దాచాలి. లైసెన్సు అన్నాను కాబట్టి చెబుతున్నా, దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ వాడుతున్న షాపులు మన దగ్గర ఎన్నో నాకు తెలుసు. అది దొంగ కాపీ అని తెలిసి వాడటం కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద శిక్షపడే నేరం. సర్టిఫికెట్ కేసుకి వచ్చినవాళ్లకి రెండో కేసు మీరే చేతిలో పెట్టినట్టవుతుంది. ముందు అది సరిచేసుకోండి.

బ్యాకప్ తీసి ఊరుకుంటే సగం పనే. నెలకో ఆదివారం ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్ తీసి, చుట్టాలింటి డిస్కు పెట్టి, ఒక మిల్లు కంపెనీని రిస్టోర్ చేసి నిన్నటి లెక్కతో బ్యాలెన్స్ సరిపోయిందేమో చూడండి. సరిపోతే ఆ డిస్కు పనికొచ్చినట్టు. అప్పటిదాకా అది పనిచేస్తుందని నమ్మకండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది, ఖర్చు తక్కువ, చాలామంది చేయనిది. వచ్చేపోయేవాళ్ల ప్రింట్లు, అప్లికేషన్లు చేసే కంప్యూటర్ వేరు, మిల్లుల లెక్కలు రాసే కంప్యూటర్ వేరుగా పెట్టండి. గది కూడా వేరైతే ఇంకా మంచిది. దొంగ సర్టిఫికెట్ ప్రింటయింది కౌంటర్ దగ్గరి కంప్యూటర్లో అని చూపించగలిగితే, లోపలి కంప్యూటర్‌కి ఈ నేరంతో ఏం సంబంధమండీ అని అడగడానికి మీకు ఆధారం ఉంటుంది. అన్నీ ఒకదాంట్లోనే కలిపేస్తే ఆ మాట అడగలేరు. కౌంటర్ మీద ఒక పుస్తకం పెట్టి తేదీ, టైము, మనిషి పేరు, ఫోన్ నంబరు, ఏం పని చేశామో రాయండి. జనానికి కంప్యూటర్ ఇచ్చి ఇంటర్నెట్ వాడుకోనిస్తుంటే ఇది ఎలాగూ తప్పదు, 2011 సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం గుర్తింపు కార్డు చూసి రిజిస్టర్ రాయాలి, దాన్ని కనీసం ఏడాది ఉంచాలి. పుస్తకం ఉంటే దర్యాప్తుకు వచ్చిన ఎస్సైగారికి 'ఫలానా రోజు, ఫలానా టైము, ఇదిగో ఫైలు' అని చూపించగలరు. ఆయనకు కావాల్సింది దొరికితే మొత్తం మూటగట్టుకెళ్లాల్సిన అవసరం తగ్గుతుంది. పని అయిపోయాక కస్టమర్ల ఆధార్ స్కాన్లు ఏ రోజుకారోజు తీసేయడం అలవాటు చేసుకోండి, మీకు అక్కర్లేని వాళ్ల వివరాలు మీ డిస్కులో ఎందుకు?

కానీ ఒక్క హద్దు దాటకండి. నోటీసు వచ్చాక గానీ, కేసయిందని తెలిశాక గానీ ఒక్క ఫైలు కూడా చెరపొద్దు. సాక్ష్యంగా రావాల్సిన డాక్యుమెంటు, ఎలక్ట్రానిక్ రికార్డు రాకుండా చేయాలని నాశనం చేస్తే భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. ఏ తప్పూ లేని మనిషి కంగారులో చేసే ఆ ఒక్క పనే అతన్ని ముద్దాయిని చేస్తుంది. చుట్టాలింట్లో బ్యాకప్ ఉందా అని అడిగితే ఉందనే చెప్పండి. అది దాచుకోవడానికి పెట్టింది కాదు, పని సాగడానికి పెట్టింది.

సోదా జరిగే రోజు సంగతికొద్దాం. మొదట చెప్పిన నాగరిక సురక్షా సంహితలోనే 103వ సెక్షన్ ప్రకారం ఆ చుట్టుపక్కల వాళ్లు, గౌరవంగా బతికేవాళ్లు కనీసం ఇద్దరు మధ్యవర్తులుగా ఉండాలి, మీరూ అక్కడ ఉండొచ్చు, తీసుకెళ్లే వస్తువుల జాబితా కాపీ మీకు ఇవ్వాలి. కొత్తగా 105వ సెక్షన్ వచ్చింది, సోదాను, స్వాధీనాన్ని, జాబితా రాసి సంతకాలు పెట్టించడాన్ని వీడియో తీయాలి, ఆ వీడియోను ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. 'వీడియో తీస్తున్నారాండీ' అని మర్యాదగా అడగడంలో తప్పేం లేదు. గొడవ పడకండి, అడ్డం నిలబడకండి, పక్కనే ఉండి పంచనామాలో ఏం రాస్తున్నారో చదవండి. 'నలుపు రంగు సీపీయూ ఒకటి' అని రాస్తే ఒప్పుకోకండి. కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, లోపలి హార్డ్‌డిస్క్ సీరియల్ నంబరు కూడా రాయమనండి. ఆ నంబరు డిస్కు లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఆ కంగారులో కేబినెట్ విప్పి చూసే తీరిక ఉండదు. అందుకే ఇప్పుడే ప్రతి కంప్యూటర్ విప్పి లేబుల్ ఫోటో తీసి, కొన్న బిల్లుతో పాటు దాచుకోండి. డిస్కు కాపీ షాపులోనే తీసుకుని కంప్యూటర్ వదిలేయగలరా అని కూడా అడగండి. ఒప్పుకోవాలని లేదు, కానీ అడిగినట్టు ఉండాలి. డిస్కు హ్యాష్ విలువ నమోదు చేయమనండి. అది డిస్కులోని డేటాకు వేలిముద్ర లాంటిది, లోపల ఒక్క అక్షరం మారినా విలువ మారిపోతుంది. కొత్త సాక్ష్య చట్టంలో ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్ నమూనాలోనే ఈ హ్యాష్ గడి ఉంది, కాబట్టి మీరు వింతేమీ అడగడం లేదు.

తర్వాత ఊరికే స్టేషన్ చుట్టూ తిరక్కండి. లాయరుగారితో మేజిస్ట్రేటు కోర్టులో ప్రాపర్టీ రిటర్న్ పిటిషన్ వేయించండి, అదే సురక్షా సంహిత 497, 503 సెక్షన్ల కింద. 497 ప్రకారం వస్తువు కోర్టు ముందుకొచ్చాక 14 రోజుల్లో దాని వివరాలు రాయాలి, ఫోటో లేదా వీడియో తీయాలి, ఆ తర్వాత 30 రోజుల్లో దాన్నేం చేయాలో ఉత్తర్వులివ్వాలి. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, స్వాధీనం చేసుకున్న వస్తువులు స్టేషన్లో ఏళ్ల తరబడి పడి ఉండకూడదు, 15 రోజుల నుంచి నెల లోపు తేల్చాలి అని. డిస్కును ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపితే ఆలస్యం అవుతుంది, అప్పుడు కనీసం మిగతా సామాను ఇమ్మని, డిస్కులోని డేటాకు కాపీ ఇమ్మని విడిగా అడగండి. కొబ్బరి కొట్ల లెక్కలు సర్టిఫికెట్ కేసులో సాక్ష్యం కాదు కదా, ఆ ముక్క పిటిషన్లో స్పష్టంగా ఉండాలి.

ప్రశ్న: భీమవరంలో అకౌంట్స్ ఆఫీసు నడుపుతున్నాను. చేపల, రొయ్యల వ్యాపారుల లెక్కలు, రిటర్నులు మేమే చూస్తాం. మా క్లయింట్లలో ఒకరి మీద జీఎస్టీ సోదా జరిగితే మా ఆఫీసు హార్డ్‌డిస్కు కూడా తీసుకెళ్తారా? అందులో అందరి లెక్కలూ ఉన్నాయి.
– ఒక అకౌంటెంట్, భీమవరం

జవాబు: సంబంధిత పత్రాలు మీ దగ్గర ఉన్నాయని నమ్మే కారణం ఉంటే మీ దగ్గరికీ రావచ్చు, కేంద్ర జీఎస్టీ చట్టం 67వ సెక్షన్ ఆ వీలిస్తోంది. అదే సెక్షన్లో మీకు అక్కరకొచ్చేది ఒకటుంది. పత్రాలు ఎవరి దగ్గర స్వాధీనం చేసుకున్నారో వాళ్లు అధికారి సమక్షంలో కాపీలు తీసుకోవచ్చు, దర్యాప్తుకు ఇబ్బంది అని అధికారి భావిస్తే తప్ప. ఆ రోజే రాతపూర్వకంగా అడగండి. నోటీసుకు ఆధారం కాని పత్రాలను నోటీసు ఇచ్చిన 30 రోజుల్లోపు తిరిగి ఇవ్వాలి.

మీరు ఇవాళే చేయాల్సింది, ఒక్కో క్లయింటు డేటాను ఒక్కో ఫోల్డర్‌గా, ఒక్కో పాస్‌వర్డ్‌తో విడదీయడం. ఒకాయన లెక్కలు అడిగితే ఒకాయనవే ఇవ్వగలగాలి. అన్నీ ఒకే గంపలో ఉంటే ఆ ఒక్కరి కోసం అందరివీ పోతాయి, మిగతా వాళ్లకు మీరు సమాధానం చెప్పుకోవాలి. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు రికార్డులు ఉంచాలి కాబట్టి పాత సంవత్సరాలవి కూడా ఈ విడదీతలోకి రావాలి.

ప్రశ్న: తణుకులో లాప్‌టాప్ సర్వీస్ సెంటర్ మాది. రిపేరుకిచ్చిన కస్టమర్ల మెషిన్లు కూడా షాపుతో పాటు పట్టుకెళ్తే మాదే బాధ్యతా?
– ఒక మెకానిక్, తణుకు

జవాబు: జాబ్ కార్డు ఉంటే మీ పని తేలికవుతుంది. ప్రతి లాప్‌టాప్‌కి సీరియల్ నంబరు, యజమాని పేరు, ఇచ్చిన తేదీ రాసి, కార్డులో సగం మెషిన్‌కి కట్టండి, సగం కస్టమర్‌కి ఇవ్వండి. సోదాలో అది ఎవరిదో పంచనామాలో రాయించండి, ఆ సాయంత్రమే కస్టమర్‌కి ఫోన్ చేసి చెప్పండి. మెషిన్ తన సొంతమని ఆయనే కోర్టులో పిటిషన్ వేసుకోవచ్చు. రిపేరు కోసమని కస్టమర్ డేటా మీ కంప్యూటర్లోకి కాపీ చేస్తే, మెషిన్ అప్పగించిన రోజే తీసేయండి.

ప్రశ్న: ఫైనాన్సులో కొన్న కంప్యూటర్లు. వాయిదాలు ఆగాయి. వచ్చి ఎత్తుకెళ్తామంటున్నారు. అందులోని నా డేటా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: తాకట్టులో ఉన్నది కంప్యూటరమ్మా, మీ లెక్కలు కావు. ఇవాళే పూర్తి బ్యాకప్ తీసి, మెషిన్ ఇచ్చేటప్పుడు మీ డేటా పూర్తిగా తుడిచి ఇవ్వండి, ఇక్కడ కేసేమీ లేదు కాబట్టి అది మీ హక్కు. నోటీసు లేకుండా మనుషుల్ని పంపి బెదిరిస్తే ఊరుకోకండి. అప్పు వసూలుకు గూండాల్ని వాడకూడదని సుప్రీంకోర్టు 2007లోనే గట్టిగా చెప్పింది. అగ్రిమెంటు కాపీ తీసుకుని లాయర్‌ని కలవండి.

ప్రశ్న: డిస్కుకి తాళం వేసుకోవడం మంచిదా? పోలీసులు పాస్‌వర్డ్ అడిగితే చెప్పాలా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వేసుకోండి. విండోస్ ప్రో ఉంటే బిట్‌లాకర్ అందులోనే వస్తుంది. దొంగ ఎత్తుకెళ్లినా, సీజయిన డిస్కు ఎవరెవరి చేతులు మారినా, మీ కస్టమర్ల వివరాలు బయటపడకుండా అది కాపాడుతుంది. చుట్టాలింట్లో పెట్టే డిస్కుకైతే తప్పనిసరి. పాస్‌వర్డ్ విషయంలో కోర్టులు రెండు రకాలుగా చెప్పాయి. వారెంటు ద్వారా అడగొచ్చని కర్ణాటక హైకోర్టు 2021లో అంది, నిందితుణ్ని బలవంతపెట్టలేమని ఢిల్లీలో సీబీఐ ప్రత్యేక కోర్టు 2022లో అంది. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద ఆదేశమొస్తే మాత్రం సహకరించకపోవడం ఏడేళ్ల దాకా శిక్షపడే నేరం. కాబట్టి అడిగిన క్షణంలో లేదనో మర్చిపోయాననో అబద్ధం చెప్పకండి, లాయర్‌తో మాట్లాడి చెబుతానని అనండి, ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో రాసివ్వమనండి. బిట్‌లాకర్ పెట్టినప్పుడు 48 అంకెల రికవరీ కీ ఇస్తుంది. చాలామంది దాన్ని అదే కంప్యూటర్లో సేవ్ చేసుకుంటారు, ఆ కంప్యూటర్ పోతే కీ కూడా పోయినట్టే. కాగితం మీద ప్రింటు తీసి ఒకటి ఇంట్లో, ఒకటి బ్యాకప్ డిస్కు లేని వేరే చోట పెట్టండి, అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి.